ఎర్ర ఇటుకలకు తెల్లరంగు

మోజెస్‌కి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏదైనా ఎందుకలా ఉందో తేలందే అన్నం సయించదు. రేపల్లెలో ఇంట్లో గడియారాలు విప్పి తన్నులు తిన్నాడు. న్యూజెర్సీలో పాతికేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినా ఆ జబ్బు కుదరలేదు.

అక్కడి ఐసెలిన్ ఊరికి అరగంట దూరంలో వాళ్ల తెలుగు సంఘం ప్రార్థనలకని ఒక పాత ఇటుక ఇల్లు కొన్నది. ఇంగ్లండు నుంచి వచ్చిన కుటుంబమేదో తమ పద్ధతిలో కట్టించుకుంది. ఒక వరసలో బయటికి ఇటుకల పొడుగు పక్క, దాని మీది వరసలో వాటి పొట్టి కొసలు, నడుమ సున్నం. ఆ వరసలు చూస్తూ మోజెస్ బయటే నిలబడిపోతే, భార్య క్రిస్టినా వచ్చి లోపలికి లాక్కెళ్లేది.

క్రిస్మస్‌కి చర్చికి రంగు వేయకపోతే మా కోస్తా వాళ్లకి పండగ వచ్చినట్టే ఉండదు కదా! రెండేళ్ల కిందట మోజెస్ ముందుండి, వాన చుక్క దూరదని డబ్బా మీద రాసి ఉన్న తెల్లరంగు రెండు పూతలు వేయించాడు. సంఘం మురిసిపోయి శాలువా కప్పింది.

ఈ సెప్టెంబరులో లోపలి గోడ చెమ్మగిల్లింది. బయట ఇటుకలు పెచ్చులూడాయి. ఈ తడి చలికి గడ్డకడితే గోడ నిలవదని, పాత ఇళ్లు బాగుచేసే మేస్త్రీ చెప్పి వెళ్లాడు. కప్పు కారడం లేదు, పైపూ పగల్లేదు. మరి నీళ్లెక్కడివి? మోజెస్‌కి అన్నం సయించలేదు. వెనకవైపు అరచేతి మేర రంగు గీకి వదిలేశాడు.

వారం తర్వాత చూస్తే గీకినచోట ఇటుక పొడిగా ఉంది. పక్కనే ఇంకాస్త రంగు లేపి చూశాడు, అక్కడ తడి. గోడలోకి చేరే తడిని ఆ ఇటుకా సున్నమూ ఇన్నేళ్లూ బయటికి వదిలేస్తూ వచ్చాయి. ఆ దారి మూసింది తనే. పాపం, సంగతి తేలినందుకు సంతోషించాల్సిన మనిషి సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఎవరికీ చెప్పకండి. మేస్త్రీనే కనుక్కోనివ్వండి," అంది క్రిస్టినా.

"ఈలోగా ఫ్రీజ్ అయితే గోడ పోతుంది కదా."

ఆదివారం అందరి ముందూ లేచి, మడిచిన శాలువాను పాస్టర్ సుందర్ రాజ్ చేతిలో పెట్టాడు.

"గోడ పాడుచేసింది నేనే అయ్యగారూ. ఆ పెయింట్ వల్లే. మంచు పడేలోగా మొత్తం రిమూవ్ చెయ్యాలి."

సుందర్ రాజ్ శాలువా మడత విప్పి మళ్లీ మోజెస్ భుజాలకే చుట్టాడు.

"ఉంచుకోవయ్యా, నిచ్చెన మీద చలేస్తుంది. ఆ రోజు బ్రష్షులు పట్టుకుంది మేమందరం. శనివారం ఎన్నింటికి రమ్మంటావ్?"

మోజెస్ ఎనిమిది వేళ్లు చూపించాడు.