యాభై ఎనిమిది కిలోల జోడీ

కార్వాన్‌లో మా బాపు కుస్తీ తాలీం నడిపేవాడు. పగలు బస్సు డిపోలో మెకానిక్ పని, సాయంత్రం ఎర్రమట్టి గోదాలో కుస్తీ నేర్పడం. ఏడాదికోసారి చుట్టుపక్కల తాలీంల వాళ్లందరినీ పిలిచి పోటీలు పెట్టేవాడు. ఎవరు ఎవరితో తలపడాలో ఆయనే కంటితో చూసి జోడీలు కట్టేవాడు. ఒక ఏడాది ఆ జోడీల దగ్గరే గొడవ లేచింది. తన మనుషులకు తేలికైన జోడీలు ఇచ్చుకున్నాడని ఎవరో అన్నారు. మాటా మాటా పెరిగింది. ఒకతను కసరత్తు చేసే గద అందుకుని తిప్పాడు. ఒకాయన దవడ విరిగింది. బాపు నుదురు చీలి, ఆరు కుట్లు పడ్డాయి.

మరుసటి ఏడు పెద్దలంతా కూర్చుని, ఇక జోడీలు మనుషులు కట్టొద్దని తేల్చారు. ఆయన పెద్దకూతుర్ని నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను కాబట్టి ఆ పని నా మీద పడింది.

ఫోన్లో నింపే ఒక ఫారం తయారుచేశాను. పేరు, తాలీం, బరువు, అంతే. నింపినవన్నీ క్లౌడ్‌లో ఉన్న డేటాబేస్‌కు చేరతాయి. రోజంతా నడిచే సర్వర్ అక్కర్లేదు. బటన్ నొక్కినప్పుడు మాత్రం ఒక చిన్న ఫంక్షన్ లేచి, డేటాబేస్‌ను అడిగి, పేర్లన్నీ బరువుల వరుసలో తెచ్చుకుని, పక్కపక్కన ఉన్నవాళ్లను ఇద్దరిద్దరుగా జత చేసి తెర మీద పెట్టి ఆగిపోతుంది. మా తాలీం వాళ్ల బరువులతో పదిసార్లు నడిపి చూశాను. పదిసార్లూ సరిగ్గానే వచ్చింది. బరువులు మాత్రం తెర మీద చూపించొద్దని పెద్దలు అన్నారు. చూపిస్తే కిలో ఎక్కువ, కిలో తక్కువ అని మళ్లీ కొట్టుకుంటారని వాళ్ల భయం.

పోటీల రోజు మధ్యాహ్నం బాపు మైకు పట్టుకుని చెప్పాడు. "మిషన్ ఏం చెప్తే గదే జోడీ. ఎవ్వరు నోరు లేపొద్దు. నా కొడుకైనా సరే."

నేను బటన్ నొక్కాను. రెండు క్షణాల్లో జాబితా వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

మొదటి జోడీ ఇద్దరు భారీ మనుషులు. రెండో జోడీలో మా తమ్ముడి పేరు పిలిచారు. వాడికి ఇరవై మూడేళ్లు, యాభై ఎనిమిది కిలోలు. ఆ రోజు వచ్చినవాళ్లలో అందరికన్నా తేలిక. ఎదురుగా మాదన్నపేట మార్కెట్లో కూరగాయల మూటలు మోసే హమాలీ దిగాడు. ఆయన నూట ఎనిమిది కిలోలు.

ఆయన తమ్ముణ్ణి చూసి బాపు వైపు తిరిగాడు. "ఏంది ఉస్తాద్ గిది? నక్కో. గీ పిలగాన్తోని నేను పట్ట."

నేను బాపు దగ్గరకు పరుగెత్తాను. "బాపూ, ఏడనో తప్పైంది. ఆపు."

"ఇప్పుడు ఆపితే ఏమంటరు? నా కొడుకు కాడికి వచ్చేసరికే మిషన్ ఖరాబైందా అంటరు."

తమ్ముడు అప్పటికే ఒంటికి మట్టి పూసుకుంటున్నాడు. "పక్కకు జరుగు అక్కా. పేరు పిలిచినంక దిగకుంటే ఇజ్జత్ ఉంటదా?"

మొదట ఆ హమాలీ చేతులు చాచి వాణ్ణి దూరంగా నెడుతూ నిలబడ్డాడు. జనం నవ్వారు. ఆ నవ్వు తమ్ముడికి ఎక్కింది. తల వంచి దూసుకెళ్లి ఆయన కడుపులో గుద్దాడు. లేస్తూ మోచేత్తో ముక్కు మీద కొట్టాడు. రక్తం కారి ఆయన గడ్డం దాకా వచ్చింది. ఈలలు మోగాయి. ఆయన అరచేత్తో ముక్కు తుడుచుకుని, చేతిలోని రక్తాన్ని చూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన నెట్టలేదు. తమ్ముణ్ణి నడుము దగ్గర పట్టి భుజం దాకా ఎత్తి నేలకేసి కొట్టి, మీద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు గట్టు మీద ఉన్న నాకు వినిపించింది. తమ్ముడి మెడ పక్కన చర్మం లోపలి నుంచి పొడుచుకొచ్చినట్టు లేచింది. వాడు అరవలేదు. నోట్లో మట్టి నిండిపోయింది.

మా తాలీం వాళ్లు ఒక్కసారిగా గోదాలోకి దూకారు. ఎవరో గద తీసుకుని హమాలీ తల వెనక కొట్టారు. ఆయన మోకాళ్ల మీద కూలాడు. ఆయన మనుషులు కుర్చీలు ఎత్తుకుని వచ్చారు. బాపు తమ్ముడి మీద అడ్డంగా పడుకున్నాడు. వీపు మీద తన్నులు పడుతున్నా కదలలేదు. నేను మధ్యలోకి వెళ్లి "తప్పు నాది, మిషన్ తప్పు" అని అరిచాను. ఎవరికీ వినపడలేదు. ఎవరి మోచేయో నా మూతికి తగిలింది. ముందు పళ్లు రెండు ఊడి నాలుక మీద పడ్డాయి.

ఆస్పత్రిలో పెదవికి కుట్లు వేయించుకుని, వరండాలో కూర్చుని ఫోన్లో డేటాబేస్ తెరిచాను. కారణం దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. బరువును సంఖ్యగా కాక అక్షరాలుగా దాచాను. అక్షరాల వరుసలో ఒకటితో మొదలయ్యేది అయిదుతో మొదలయ్యేదానికన్నా ముందు వస్తుంది. అలా వంద దాటినవాళ్లు ముగ్గురూ జాబితా మొదట్లోకి వచ్చారు. మొదటి ఇద్దరూ జోడీ అయ్యారు. మూడోవాడికి అందరికన్నా తేలికైనవాడు, మా తమ్ముడు, దొరికాడు. నేను పరీక్షించినప్పుడు వంద దాటినవాళ్లు ఎవరూ లేరు.

లోపలికి వెళ్లి బాపుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన లేచి నా చెంప మీద కొట్టాడు. కుట్లు తెగి మళ్లీ రక్తం వచ్చింది. ఆయన నన్ను కొట్టడం అదే మొదటిసారి. రెండోసారి చెయ్యెత్తితే తమ్ముడు మంచం మీద నుంచి అన్నాడు. "అక్కను కొట్టకు బాపూ. దిగింది నేను. దిగమన్నది నువ్వు."

బాపు చెయ్యి దించి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

వారం తర్వాత మాదన్నపేట మార్కెట్‌కు వెళ్లాను. హమాలీ తలకు కట్టుతో ఉల్లిగడ్డ మూటల మీద కూర్చుని ఉన్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను.

"నూరు పెద్దదో యాభై పెద్దదో మిషన్‌కు తెల్వదా?" అని అడిగాడు.

"నేను చెప్పలేదన్నా దానికి."

"గోదా చుట్టూ గంతమంది ఉండిరి. ఒక్కడన్న ఆపిండా? నేను సుత ముక్కుల రక్తం జూసేదాంక ఆగిన, తర్వాత ఆగలే." తలకట్టు సవరించుకున్నాడు. "పిలగాడు చెయ్యి లేపుతుండా?"

"ఇంకా లేదు."

ఎవరో పిలిస్తే ఆయన లేచి, మూట వీపుకెత్తుకుని వెళ్లిపోయాడు.

తమ్ముడి మెడ పక్క ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు. వాడు ఇప్పుడు పత్తర్‌గట్టిలో ఒక బట్టల కొట్లో పనిచేస్తున్నాడు. పై అరలోని గుడ్డ థాన్ తీయాలంటే స్టూలు ఎక్కి కుడిచేత్తో లాగుతాడు. నాతో మాట్లాడతాడు, నవ్వుతాడు. కుస్తీ మాట వస్తే మాత్రం లేచి బయటికి వెళ్తాడు. బాపు ఆ తర్వాత పోటీలు పెట్టలేదు.