బావి దగ్గరి ఆవిడ కోసం వెతికిన మా చిన్నత్తగారు

కొల్లేరు లంకలో ఉండే మా చిన్నత్తగారు పోయిన నెల కన్నుమూశారు. మా అత్తగారికి స్వయానా చెల్లెలు. చెరువు గట్టు మీద నుంచి ఇంటికొచ్చి, కాసేపు నడుం వాలుస్తానన్నారట. మళ్లీ లేవలేదు.

కొన్నేళ్ల క్రితం స్కూటీ మీద నుంచి పడి నా కాలు విరిగితే, తాడేపల్లిగూడెంలో మా ఇంటికి సాయానికొచ్చారు. చిన్నమామగారు పోయి అప్పటికింకా ఏడాది కాలేదు. వంట చేసి, నా కాలి కింద దిండు సర్ది, ఆపైన గోడకేసి చూస్తూ కూర్చునేవారు. పలకరిస్తే, “నాతో ఎవరికేం పనుందిలే అమ్మా” అనేవారు.

పొద్దుపోక నేను మావారి వీడియో గేమ్ పెట్టుకునేదాన్ని. ఎక్కడో పడమటి దేశపు ఎడారిలో విప్లవం. గుర్రం మీద తిరిగే వీరుడు, అతని వెంట తిరుగుబాటుదారులు, ఎదురుగా సైన్యం. ఒక పల్లెలో గాయపడి పడిపోయిన వీరుడికి ఓ ముసలావిడ బావిలో నీళ్లు తోడి పోసింది. సైనికులొస్తుంటే గడ్డివామి వెనక దాచింది. పేరు కూడా లేని పాత్ర. నేను ఆట ముందుకు నడిపించేశాను.

కొద్దిరోజులకి విప్లవం గెలిచింది. తెర మీద పట్నమంతా బాణసంచా. చిన్నత్తగారు ఉన్నట్టుండి అడిగారు.

“మరి ఆవిడేమైందమ్మా?”

“ఎవరండీ?”

“నీళ్లిచ్చినావిడ.”

“చిన్న పాత్రండీ. ఆవిడతో ఇంక కథకి పని లేదు.”

“చిన్నదేవిటి? ఆవిడే లేకపోతే మీ గుర్రపాయన ఆ రోజే పోయేవాడు. గెలిచాక ఒక్కసారి వెనక్కెళ్లి చూడొద్దూ?”

కుర్చీ టీవీ దగ్గరికి లాక్కున్నారు. నేను గుర్రాన్ని వెనక్కి తిప్పాను. ఆ పల్లె కాలిపోయి ఉంది. బావి దగ్గర ఎవరూ లేరు. “అయిపోయిందండీ” అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. “బతికున్న మనిషి నీళ్లున్న చోటికే వెళ్తుంది. ఏటి వెంట పోనీ.”

పోనిచ్చాను. నిజంగానే ఏటి పక్క గుడారాల్లో, గాయపడ్డవాళ్ల మధ్య కనిపించింది. వీరుణ్ని చూసి, “బతికే ఉన్నావా!” అని ఒక్క మాట అని, మళ్లీ కుండ ఎత్తుకుంది.

చిన్నత్తగారు నవ్వారు. చిన్నమామగారు పోయాక ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు. “చూశావా, ఊరు కాలిపోయినా ఆవిడ పని ఆవిడకుంది” అన్నారు.

నా కాలికి కట్టు విప్పగానే లంకకి వెళ్లిపోయారు. అక్కడ చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం పనికిరావు. చేపల చెరువుల్లో పనిచేసేవాళ్లు ఎండలో గొంతెండి అల్లాడుతుంటారు. ఆవిడ గట్టు మీద తాటాకు పందిరి వేయించి, మంచినీళ్ల కుండలు పెట్టారు. “ఈ వయసులో నీకెందుకే?” అని మా అత్తగారు కోప్పడితే, “ఖాళీగా కూర్చుంటేనే నాకు వయసు గుర్తొస్తోందక్కా” అన్నారట. “అడిగాక ఇచ్చేది కాదమ్మా దాహం, మొహం చూసి ఇవ్వాలి” అని నాతో అనేవారు. ఒక వేసవిలో వల లాగుతూ సొమ్మసిల్లిన మనిషిని పందిరి కిందికి చేర్పించి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, ఆటో వచ్చేదాకా కళ్లు మూతపడనివ్వలేదు. ఆయన ఇప్పుడు అదే చెరువు మీద కాపలా ఉంటున్నాడు.

కర్మకాండలయ్యాక మేమంతా గట్టు మీదికి వెళ్లాం. కుండలు కడిగి నింపేసి ఉన్నాయి. మోకాళ్ల దాకా బురదతో ఒకావిడ చెరువులోంచి పైకొచ్చి, నా మొహంలోకి చూసి, ఏమీ అడక్కుండానే చెంబు ముంచింది. దోసిలి పట్టాను. నీళ్లు చల్లగా మోచేతుల దాకా కారాయి.