తొమ్మిదో రోజు చేమాకు కూర

ఆ రోజు పొద్దున్నుంచీ నా కాళ్ళు నావి కావు. మావారికి మోకాలి ఆపరేషన్ అయి రెండు వారాలు. ఆయన్ని లేపడం, నడిపించడం, థెరపీకి తీసుకెళ్ళి తేవడం. మధ్యాహ్నం కాసేపు నడుం వాలుద్దామనుకుంటుంటే పక్కింటి ఆంటీ ఫోన్ చేశారు.

ఆంటీది గువామ్ దీవి. అక్కడి చమోరో జాతి వాళ్ళు. మేం ఈ దేశమొచ్చి చాండ్లర్‌ ఊళ్ళో దిగిన మొదటి వారంలోనే, మాకు మాంసం అలవాటు లేదని తెలిసి, జాఫ్రా గింజల నీళ్ళతో వండే వాళ్ళ ఎర్రన్నాన్ని బేకన్ లేకుండా వేరే గిన్నెలో వండి తెచ్చిన తల్లి. ఆ అన్నం రుణం ఇప్పటికీ నా మీదుంది.

ఆవిడ భర్త, అంకుల్, ఈమధ్యే పోయారు. వాళ్ళలో తొమ్మిది రోజులు సాయంత్రం జపమాల ప్రార్థన చేసి, వచ్చినవాళ్ళకి భోజనం పెడతారు. ఆ పూట తొమ్మిదోది.

"అందరూ మాంసమే తెస్తున్నారు, హగా," అన్నారు ఆంటీ. హగా అంటే కూతురు. "ఆయనకిష్టమైన చేమాకు మాత్రం నేనే పెడతానని మాటిచ్చాను. తీరా చూస్తే చేతిలో గరిటె నిలవట్లేదు."

వెళ్ళాను. ఆకు పొద్దున్నే ఉడికించి వార్చి ఉంది. ఉల్లిపాయ, పసుపు, చిట్టి మిరపకాయలు, కొబ్బరిపాలు, దింపాక పెరటి నిమ్మకాయ. వాళ్ళూ పసుపు వేస్తారని తెలిసిన రోజు ఎంత సంబరపడ్డానో! ఉప్పు కళ్ళతోనే కొలిచి వేశాను. నా చదువూ వంటా అన్నీ ఇంట్లో అమ్మ దగ్గర నేర్చినవే. దేవుడికి పెట్టకముందు వండినవాళ్ళ నాలుక తగలకూడదని అమ్మ మాట. ప్రార్థన ఇల్లు కదా, ఇక్కడా అంతే అనుకున్నాను.

ఆంటీ ఓ చుక్క అరచేతిలో వేసుకుని నాకి, కళ్ళు మూసుకున్నారు.

"మా దీవి చుట్టూ ఉన్న సముద్రం మొత్తం ఇందులో పోశావే!"

ఆకు ఉడికించేటప్పుడే ఆవిడ ఉప్పేశారట. మా ఇంట్లో ఆకుకూర చప్పగా ఉడికించి, ఉప్పు ఆఖర్న వేస్తాం. అడగాలని నాకు తోచలేదు, చెప్పాలని ఆవిడకీ తోచలేదు. జనం రావడానికి గంట కూడా లేదు. ఇంకో ఆకు లేదు. నాకు ఏడుపొచ్చింది, ఒంట్లో ఓపిక లేకపోవడం వల్ల కూడానేమో.

"ఏడిస్తే ఇంకా ఉప్పెక్కుతుంది. ఇంట్లో పచ్చి అరటికాయలున్నాయా?"

ఉన్నాయి. శుక్రవారం వేపుడుకని తెచ్చినవి. పరిగెత్తలేక నడిచే వెళ్ళి తెచ్చాను. ముక్కలు కోసి, ఉప్పు లేకుండా కొత్త కొబ్బరిపాలలో ఉడికించి, ఆకులో కలిపాం. కొబ్బరిపాలలో అరటికాయ వాళ్ళింట్లో ఎప్పుడూ వండేదేనట. రెండూ ఒకే గిన్నెలో చేరడం మాత్రం ఇదే మొదలు.

ఆంటీ గరిటె నా ముందుకి చాపారు. "చూడు."

"ప్రార్థన కాలేదు కదా ఆంటీ. ఎంగిలవుతుంది."

"యాభై ఏళ్ళు ఆయన నా ఎంగిలే తిన్నాడు. రుచి చూడకుండా ఆయనకి నేనేదీ పెట్టలేదు. నాకిప్పుడు నోరు చచ్చిపోయింది, హగా. ఆ ఒక్క చుక్కకే నాలుక మొద్దుబారింది. నువ్వే చూడాలి."

అమ్మని తలుచుకున్నాను. అరచేయి పట్టాను. వేడి, పులుపు, అడుగున కాస్త తీపి. ఉప్పు సరిపోయింది.

"బాగుంది ఆంటీ," అన్నాను. ఆవిడ అప్పుడు కుర్చీలో కూర్చున్నారు. పొద్దున్నుంచి కూర్చోవడం అదే మొదటిసారట.

ప్రార్థనయ్యాక గిన్నె మాంసం పళ్ళేల మధ్యలో పెట్టాం. అంకుల్ తమ్ముడు రెండుసార్లు వడ్డించుకుని, "అరటికాయ ఎవరి ఐడియా?" అన్నాడు. "సముద్రానిది," అన్నారు ఆంటీ, నావైపు చూడకుండా.

అడుగున మిగిలింది అల్యూమినియం రేకులో చుట్టి నా చేతిలో పెట్టారు. వాళ్ళింట్లోంచి ఎవరూ ఉత్త చేతులతో వెళ్ళకూడదు. ఇంటికొచ్చి, మావారికి మాత్రలిచ్చి, దీపం పెట్టి, ఆ పొట్లం దేవుడి ముందుంచాను. రుచి చూసిందే స్వామీ, అని చెప్పి మరీ పెట్టాను. దణ్ణం పెట్టడానికి కూడా లేవలేక అక్కడే కాళ్ళు చాపుకుని, దేవుడి తరవాత నేనూ తిన్నాను.