పెద్దసారు పాస్ చేస్తేనే

నాకు నోరెక్కువని మా అమ్మ ఫిర్యాదు. కాలేజీ ఎదురుగా జిరాక్సు కొట్టు నడుపుతుంది కాబట్టి ఆవిడ ఏ మాటా ఒక్క కాపీతో ఆపదు. పెద్ద కంపెనీలో నాలుగు నెలల ఇంటర్న్‌షిప్‌కి బయల్దేరిన రోజు, నేను చెప్పులు తొడుక్కునేలోపు మూడుసార్లు చెప్పింది.

"నోర్మూసుకుని పని నేర్చుకోవే తల్లీ. పదకొండు మందిలో ఇద్దరికే ఉద్యోగమట. ఆ ఇద్దరిలో నువ్వుండాలి. నాన్న మోకాళ్లు ఇంకెన్నాళ్లు బస్సు తోలనిస్తాయి చెప్పు?"

"సరేలేవే" అన్నాను. ఆ క్షణాన నిజంగానే సరే అనుకున్నాను.

నన్ను వేసింది ఆరో అంతస్తులో. తెరుచుకోని కిటికీలు, ఏసీ చలికి నీలుక్కుపోయే వేళ్లు, ఎవరూ గట్టిగా మాట్లాడని ఫైనాన్సు విభాగం. కంపెనీకి సరుకులిచ్చిన వాళ్ల బిల్లులు కంప్యూటర్లో ఎక్కించడం నా పని. ఒకరు ఎక్కించిన దాన్ని ఇంకొకరు చూసి పాస్ చేస్తేగాని అది ముందుకు కదలదు. మా అందరివీ పాస్ చేసేది పెద్దసారు. తప్పుంటే కింద ఒక వాక్యం రాసి తిప్పి పంపేవారు.

ఆయన గది హాలు చివర, గాజు తలుపు వెనక. కుర్చీకి బూడిదరంగు కోటు తగిలించి ఉండేది. పదకొండింటికి టీ అమ్మ ఒక కప్పు ఆ బల్ల మీద పెట్టి వచ్చేది. నాలుగింటికి వెళ్లి, పైన మీగడ కట్టిన అదే కప్పును నిండుగా తిరిగి తెచ్చేది. మనిషి మాత్రం నాకు ఒక్కరోజూ కనబడలేదు.

"ఆయన తాగరుగా, రోజూ ఎందుకు పెడతావమ్మా?" అని అడిగాను.

"నా లిస్టులో ఉన్నారు, పెడతా. నీ పేరు లేదు, నీకు లేదు" అని బండి తోసుకుపోయింది.

పక్క సీటు అక్కని అడిగితే "మీటింగులో ఉంటారు" అంది. రెండు నెలలు సాగే మీటింగేమిటో! మా ఊళ్లో పెళ్లిళ్లు కూడా అంతసేపు జరగవు అన్నాను. అక్క నవ్వలేదు.

మొదటి వారం నావి పద్నాలుగు తిరిగొచ్చాయి. తల ప్రాణం తోకకొచ్చింది. కానీ ఆ రిమార్కుల్లో తిట్టు ఉండేది కాదు. "తొందర వద్దు. పంపే ముందు తెర మీద వేలు పెట్టి చదవండి" అని వచ్చింది ఒకసారి. అలాగే చదవడం మొదలుపెట్టాను, తప్పులు తగ్గాయి. ఒక మధ్యాహ్నం బద్ధకించి, వేలు పెట్టకుండానే ఒకటి పంపేశాను. నిమిషంలో తిరిగొచ్చింది. "ఈసారి వేలు పెట్టలేదు" అని ఉంది.

తల తిప్పి గాజు గది వైపు చూశాను. కోటు ఉంది, కప్పు ఉంది. ఈ అక్కే చూసి ఆయనకి ఫోన్లో చెప్పి ఉంటుందిలే అని సర్దుకున్నాను. చూస్తే అక్క ఆ రోజు సెలవు.

అయినా, నిజం చెప్పొద్దూ, ఆయనంటే నాకు ఇష్టం కలిగింది. కాలేజీలో మూడేళ్లు ఎవరూ నేర్పనిది ఒక్కో వాక్యంతో నేర్పారు. వెళ్లేలోపు ఒకసారి ఎదురుగా నిలబడి థాంక్స్ చెప్పాలనుకున్నాను.

మూడో నెల చివర్లో, భోజనం చేసి వస్తుంటే కింద రిసెప్షన్ దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. రిసెప్షన్ అమ్మాయి విసుగ్గా చెబుతోంది.

"ఎన్నిసార్లు చెప్పాలండీ? సిస్టమ్‌లో ఆయన డ్యూటీలోనే ఉన్నారు. నిన్న కూడా నలభై ఎంట్రీలు పాస్ చేశారు. ఉద్యోగంలో ఉన్న మనిషికి ఫైనల్ సెటిల్‌మెంటు డబ్బులు ఎలా ఇస్తారు?"

"మా ఆయన నా చేతుల్లోనే పోయారు తల్లీ. ఎనిమిది నెలలైంది. ఇదిగో డెత్ సర్టిఫికెట్" అందావిడ. ఆయన పేరు చెప్పింది. రోజూ నా తెర మీద కనబడే పేరే అది.

ఆవిడ చేతిలోని కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని, ఆవిడ నంబరు రాసుకుని పైకి పరుగెత్తాను. లిఫ్టు కోసం ఆగాలనిపించలేదు.

అక్క ముందు ఫోను పెట్టాను. గొంతు తగ్గించి చెప్పింది. ఆయనది ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసు. ఇంట్లో గడ్డం గీసుకుంటూ కుప్పకూలిపోయారు. అది ఏడాది లెక్కలు మూసే నెల. కొత్తవాళ్లకి ఆ అధికారం రావాలంటే హెడ్డాఫీసు అనుమతి, నెలల పని. ఈ నెల గడవనీ అన్నాడు మేనేజరు. ఆయన పాస్‌వర్డు హాల్లో ఏడుగురికి తెలుసు. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది.

"గేటు దగ్గర కార్డు గీకడం లేదని జీతం ఆపేశారే. ఇక్కడ పని జరుగుతోంది కాబట్టి ఉద్యోగం మూయలేదు" అంది.

"సిగ్గుండాలి! మరి ఆ రిమార్కులు రాసేది నువ్వా?"

"నా మీద ఒట్టు. నేను ఉత్తినే పాస్ నొక్కుతానంతే. రాసేది మిగతావాళ్లేమో అనుకున్నా."

వాళ్లనీ అడిగాను, ఒక్కొక్కరినీ. అందరూ నొక్కేవాళ్లే. రాశానన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఇంతలో మేనేజరు నన్ను పిలిచాడు. బల్ల మీద నా పేరుతో అచ్చైన కాగితం ఉంది. "కంగ్రాట్స్. ఆ ఇద్దరిలో నువ్వొకదానివి. సోమవారం సంతకం పెట్టు. ఆవిడ సంగతి ఈ నెల లెక్కలు మూశాక నేను చూస్తా. నువ్వు తల దూర్చకు" అన్నాడు.

జీతం అంకె చూశాను. నాన్న మర్నాడే స్టీరింగు వదిలేయొచ్చు. కుక్కిన పేనులా బయటికొచ్చి కూర్చున్నాను. పావుగంట ఏ పనీ చేయలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఆ పిల్లి గుంపులో నేనూ ఉన్నాను. నావి పదకొండు వందల ఎంట్రీలు పాస్ చేయించుకున్నాను ఆయన చేత.

మా హాల్లో ఎవరైనా ఉద్యోగం మానేస్తే వాళ్లని రిలీవ్ చేసే ఫారం ఎక్కించే పని కూడా ఇంటర్న్‌లదే. అది తెరిచాను. ఆయన పేరు కొట్టాను. చివరి పనిదినం దగ్గర సర్టిఫికెట్‌లోని తేదీ వేశాను. వేలు పెట్టి చదివి పంపాను. తెర మీద వచ్చింది: పాస్ చేయవలసినవారు, పెద్దసారు.

"ఆయన్ని ఆయనే పంపించుకోవాలట!" అని పైకే అనేశాను. నవ్వుదామంటే నవ్వు రాలేదు.

అందరూ లేచి నా కుర్చీ చుట్టూ చేరారు. మేనేజరు పరుగున వచ్చి కుర్చీ వీపు పట్టుకున్నాడు. "వెనక్కి తీసుకో" అన్నాడు. అక్క రెండు చేతులూ నోటి మీద ఉన్నాయి. పాస్‌వర్డు తెలిసిన ఏడుగురూ అక్కడే, నా వెనకే ఉన్నారు. ఎవరి చేతిలోనూ ఫోను కూడా లేదు.

అప్పుడు తెర టింగుమంది. ఎంట్రీ తిరిగొచ్చింది.

"చివరి పనిదినం తప్పు. ఈరోజు వరకు పని చేశాను. సరిచేయండి."

గాజు గది వైపు తల తిప్పే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. నాకూ లేదు. బుర్ర మాత్రం పనిచేసింది. ఈరోజు తేదీ వేస్తే ఆగిపోయిన ఎనిమిది నెలల జీతం కూడా ఆవిడకి ఇవ్వాల్సిందే.

"ముట్టుకున్నావంటే ఆ కాగితం చింపేస్తా" అన్నాడు మేనేజరు నా చెవి దగ్గర.

ముట్టుకున్నాను. తేదీ మార్చాను, పంపాను. రెప్ప వేసేలోపు పాస్ అయింది. ఆయన పేరు బూడిదరంగులోకి మారింది. హాల్లో మిగతా ఎంట్రీలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

మేనేజరు చెప్పినంత పనీ చేశాడు. చిరుగుతున్న చప్పుడు నా సీటు దాకా వినిపించింది. బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. నేనేం మహాత్మురాలిని కాను, ఆ జీతం నాకు కావాలి.

ముఖం కడుక్కుని ఆవిడకి ఫోన్ చేశాను. "అమ్మా, ఆరో అంతస్తు నుంచి. అయిపోయింది. ఈరోజుతో సారు రిలీవ్ అయ్యారు. ఈ ఎనిమిది నెలల జీతం కూడా వస్తుంది."

"ఎనిమిది నెలలా? అదెలా?"

దాచలేకపోయాను. చెప్పేశాను అంతా. 

"పోయాక కూడా పని చేయించారా తల్లీ ఆయన చేత" అంది ఆవిడ, చాలా నెమ్మదిగా. "ఆదివారాలైనా వదిలారా?"

నెలనెలా లెక్కలు మూసే వారాల్లో ఆదివారాలు కూడా వచ్చాం. నేనూ వచ్చాను.

"లేదమ్మా" అన్నాను.