శౌరయ్య అంకుల్ మోసిన అడ్డదూలం

పరాయి దేశం వెళ్ళి క్లేటన్‌లో చదువుకునే రోజుల్లో హెలెనాను ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే, నర్సింగ్ అని చెప్పి ఊరుకునేది. సులువని ఎవరో అంటే ప్రాచీన చరిత్ర కూడా ఒక సబ్జెక్టుగా తీసుకుంది గానీ, ఆ మాట ఎత్తాలంటే బెదురు. అందులో ఆమెకు వచ్చిన వ్యాసం, రోమన్ల కాలంలో సిలువ శిక్ష ఎలా వేసేవారో తెలిపే ఆధారాల మీద. నరసాపురంలో అమ్మ వింటే, ‘నమ్ముకున్నదాన్ని తవ్వుకోవడం దేనికే?’ అంటుంది.

ఆదివారం ఆమెను కారులో చర్చికి తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు ఒళ్ళో కూర డబ్బా పెట్టి దించేవాళ్ళు శౌరయ్య అంకుల్, అమృతం ఆంటీ. అంకుల్ బస్సు డ్రైవరు. గుడ్ ఫ్రైడే నాడు తెలుగు సంఘం ఊరేగింపులో తాను చేసిన సిలువను తానే మోస్తారు. సంఘం పుట్టినప్పటి నుంచీ ఆ సిలువ వేరే భుజం ఎరగదు. ఆ ఏడు కుడి భుజానికి ఆపరేషనైంది. సంఘం వాళ్ళు కుర్రవాళ్ళెవరికైనా ఇద్దామన్నారు. అంకుల్ సరేనన్నారు. అన్నాక అన్నం సగంలోనే లేచిపోవడం మొదలుపెట్టారు.

“నొప్పి భుజంలో కాదమ్మాయ్, ఇంకెక్కడో ఉంది,” అంది ఆంటీ హెలెనాతో.

ఆ వారమే లైబ్రరీలో హెలెనా ఒక ఫోటో చూసింది. యెరూషలేము దగ్గర రాతిపెట్టెలో దొరికిన, సిలువ శిక్ష పడిన ఒకరి మడమ ఎముక. పక్కనుంచి దిగిన మేకు కొన వంగిపోయి, ఊడిరాక, ఎముకతోనే ఉండిపోయింది. దాన్ని అంత భద్రంగా పెట్టెలో దాచింది ఇంటివాళ్ళే అయ్యుంటారు కదా అనుకునేసరికి ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. పేజీ తిప్పింది. పద్ధతి అంతటా ఒక్కటే కాదట. కానీ పాత రోమన్ రాతల్ని బట్టి, చాలాసార్లు నిలువు కొయ్య ముందే పాతి ఉండేదనీ, శిక్ష పడినవాడు అడ్డదూలం మాత్రమే మోసేవాడనీ పండితుల మాట.

హెలెనా పెన్ను కింద పెట్టేసింది. చెబితే ఆయన భక్తికి తప్పు పట్టినట్టవుతుందేమో. చెప్పకపోతే శుక్రవారం నాడు వేరేవాళ్ళు సిలువ మోస్తుంటే ఆయన పక్కన నిలబడి చూడాలి.

ఆదివారం భోజనాల దగ్గర నసుగుతూ నసుగుతూ చెప్పేసింది. అంకుల్ ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయారు.

“అంటే ఇన్నేళ్ళూ తప్పు మోశానా అమ్మాయ్?”

“తప్పు కాదంకుల్. కొంచెం ఎక్కువ మోశారు.”

ఆంటీకి నవ్వొచ్చి పొలమారింది. “మీకు అలవాటేగా, మార్కెట్టుకెళ్ళినా అంతే!”

అంకుల్ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని షెడ్డులోకి వెళ్ళారు. కాసేపటికి స్పానర్ చప్పుడు వినిపించింది. సిలువ నడుమ బిగించిన బోల్టులు ఒక్కొక్కటే ఊడదీస్తున్నారు. మర్నాడు, భుజానికి కసరత్తులు చేయించే ఫిజియోకి ఆ దూలం తూకం చెప్పి, ఎడమ భుజమైతే పరవాలేదనిపించుకుని వచ్చారు.

శుక్రవారం పొద్దున చలిగాలి. నిలువు కొయ్యను చర్చి ముందు ముందుగానే నిలబెట్టారు. అంకుల్ దూలం ఎత్తుకుంటే సంఘమంతా పాడుకుంటూ వెనకాల నడిచింది. కుక్కను తిప్పుతున్న తెల్లాయన టోపీ తీసి, దారిచ్చి, కుక్కను కూడా కూర్చోబెట్టాడు.

మలుపు దగ్గర దూలం వెనక కొస జారింది. మగవాళ్ళు అటూ ఇటూ చూసుకునేలోపే ఆంటీ కొంగు నడుముకు దోపి దాని కిందికి దూరింది.

“నువ్వెందుకే?”

“యేసు సిలువ మోసిన సీమోనును అడిగారా ఎందుకని? నడవండి!”

ఇద్దరూ చర్చి దాకా మోసుకొచ్చారు. హెలెనా స్పానర్ అందిస్తుంటే అంకుల్ బోల్టులు బిగించారు. ఆయన ముఖం తేటగా ఉంది.

సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన అయ్యాక హాల్లో అందరికీ గంజి, మావిడికాయ పచ్చడి పెట్టారు. అంకుల్ గిన్నె ఖాళీ చేసి హెలెనా వైపు చాపారు.

“ఇంకాస్త పొయ్యమ్మాయ్. నిండా పొయ్యి.”