సారన్న పట్టు

సారయ్యకు అరవై రెండేళ్లు. అందులో ముప్ఫై నాలుగేళ్లు మణుగూరు బొగ్గు బాయిలో పంపుల ఫిట్టరుగా గడిచాయి. బాయిలో ఊరే నీళ్లను తోడిపోసే పంపు ఎక్కడ కారినా కబురు సారయ్యకే. పెద్ద పానా వేసి బిగించి, అందరూ చాలన్నాక "ఇంకో పట్టు" అని మరోసారి లాగేవాడు. కారేది ఆగిపోయేది. "సారన్న చెయ్యి పడితే ఆగాల్సిందే" అనేవాళ్లు తోటివాళ్లు. రిటైరై సారపాకలో ఇల్లు కట్టుకున్నప్పుడు సామానుతో పాటు ఆ మాటనూ వెంట తెచ్చుకున్నాడు. ఇక్కడ ఆ మాట అనేవాళ్లే లేరు. ఇక్కడ దేవ్‌సింగ్ ఉన్నాడు.

దేవ్‌సింగ్ మెకానిక్. జామాయిల్ కర్ర లారీలు ఆగే చోట, మెయిన్ రోడ్డు మీద అతని షెడ్డు. చెవితో విని ఇంజను రోగం చెప్తాడని పేరు. పాలకు వెళ్తే ఆ పేరు, మంగలి షాపులో ఆ పేరు. ఆఖరికి భార్య రామక్క నోట కూడా అదే. "మిక్సీ గిట్ల మోగుతుందేందయ్యా, దేవ్‌సింగుకు చూపియ్యరాదు?" అంది ఒకనాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. మిక్సీకి కూడా వాడేనా అని సారయ్య ఆ పూట అన్నం సరిగా తినలేదు.

షెడ్డు ఎదురుగా టీ కొట్టులో కూర్చుని రోజూ చూసేవాడు. దేవ్‌సింగ్ వంగి పని చేస్తుంటే చుట్టూ నలుగురు నిలబడి ఉంటారు. ఒకప్పుడు తన చుట్టూ అలాగే నిలబడేవాళ్లు. టీ చేదెక్కేది. మర్నాడు మళ్లీ వెళ్లి అక్కడే కూర్చునేవాడు.

కూతురు భవాని చర్ల దవాఖానాలో నర్సు. ఇంట్లో ఉన్న పాత చిన్న కారులోనే డ్యూటీకి పోయి వస్తుంది. ఇంజను మీద ట్యాపెట్ కవరని రేకు మూత ఒకటుంటుంది. దాని అంచున ఆయిలు చెమర్చింది.

"దేవ్‌సింగన్న కాడ చూపిస్త నాయినా" అంది భవాని.

సారయ్యకు ఒళ్లు మండింది. "ముప్పై నాలుగేండ్లు నేనేం జేసిన్ననుకున్నవ్? సోమారం పొద్దుగాలకు చుక్క పడదు."

మూత విప్పి, తుడిచి, మూతకూ ఇంజనుకూ మధ్య కొత్త ప్యాకింగ్ పెట్టి బాయి నాటి పానాతో బిగించాడు. ఇంకో పట్టు కూడా వేశాడు. కింద అట్టముక్క పరిచాడు. మర్నాటికి అట్ట మీద రూపాయి బిళ్లంత మచ్చ. మళ్లీ బిగించాడు. శుక్రవారానికి అరచేయంత అయింది. ఇంకా బిగించాడు. శనివారం పొద్దున సగం అట్ట తడిసింది. భవాని చూడకముందే దాన్ని మడిచి గోడవతల పారేశాడు. కారు పాడవుతుందని కాదు అతని భయం. కూతురు ఆ కారును తీసుకెళ్లి వాడి చేతిలో పెడుతుందని.

కాలిన ఆయిలు వాసన దాగుతుందా? భవాని మాటమాత్రం చెప్పకుండా దేవ్‌సింగ్‌కు ఫోన్ చేసింది.

అతను వచ్చి, బానెట్ ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. భవాని చాయ్ కోసం లోపలికి వెళ్లగానే గొంతు తగ్గించాడు.

"కాకా, నీ పట్టు పంపుకు. గది పోత ఇనుము, ఎంత బిగిస్తే గంత ఆగుతది. ఇది రేకు. బిగించినకొద్ది వంగి నోరు తెరుస్తది. అంచులు సాపు జేసి, ఇంకో ప్యాకింగ్ పెట్టి వేళ్లతోని తిప్పు. అటెనుక చిన్న పానాతోని పావు చుట్టు. గంతే."

భవాని రాగానే మాట మార్చాడు. "ప్యాకింగ్ మంచిది దొరకలేదమ్మా. కాక పని బానే చేసిండు."

తప్పు ఎత్తిచూపి ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది. పనితనం ఉంటే ఉంది, మంచితనం కూడా వాడికే కావాలా అని సారయ్య కడుపు రగిలిపోయింది.

ఆదివారం తల్లీకూతుళ్లు బస్సెక్కి దమ్మపేటలో పెళ్లికి వెళ్లారు. సారయ్య మూత విప్పి, అంచులను చెక్క మీద పెట్టి మెల్లగా కొట్టి సాపు చేశాడు. ప్యాకింగ్ పెట్టి వేళ్లతో తిప్పాడు. పావు చుట్టు. చెయ్యి దానంతటదే ఇంకో పట్టుకు పోయింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఆపుకున్నాడు. కారును గోదావరి బ్రిడ్జి దాటించి భద్రాచలం దాకా తిప్పి తెచ్చి, కింద కొత్త అట్ట పరిచాడు.

సోమవారం పొద్దున అట్ట పొడిగా ఉంది. దాన్ని గుమ్మం పక్కనే నిలబెట్టాడు. అది చూసి భవాని మొహం విప్పారింది.

"దేవ్‌సింగన్న వచ్చిండా నిన్న? ఆయన చెయ్యి పడితే ఆగాల్సిందే."

"నేనే చేసిన" అన్నాడు సారయ్య.

"అవ్ నాయినా, నువ్వే చేసినవ్" అంది భవాని, వార్డులో ముసలివాళ్ల చేత మాత్ర మింగించే గొంతుతో. కారెక్కి వెళ్లిపోయింది.

సారయ్య అట్టను తీసి లోపల పెట్టాడు. ఆ పని తను చేశాడని నమ్మే మనిషి సారపాక మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. బయల్దేరి, టీ కొట్టు దగ్గర ఆగకుండా మొదటిసారి రోడ్డు దాటాడు.

"ఆగింది" అన్నాడు.

దేవ్‌సింగ్ పనిలోంచి తలెత్తలేదు. "నీ చెయ్యి పడ్డంక ఆగకుంట ఏమైతది కాకా."

ఎన్నేళ్ల తర్వాతో విన్న మాట. అది కూడా వాడి నోటే వినాల్సి వచ్చినందుకు సారయ్య కడుపు మళ్లీ భగ్గుమంది.