బాతు నోటికి పట్టని మాట

అమ్మ పోయిన తరువాత కూడా కొన్నాళ్ళు మా ఇంట్లో అమ్మ గొంతు వినిపించేది. నేను అన్నం ముందు పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంటే వంటింట్లోంచి, "ఏమ్మే, మెతుకులు లెక్క పెడతా ఉండావా? తిను, తిను. ఆడ బాతులు నీకోసరం కాసుకోని ఉండాయి" అని కేక వచ్చేది. నేను ఉలిక్కిపడి నాలుగు ముద్దలు మింగేదాన్ని. ఆ తరువాత తలుపు చాటునుంచి అక్క మొహం కనిపించేది. అది అక్కేనని నాకు ముందే తెలుసు. తెలిసీ తినేదాన్ని.

మాది దొరవారిసత్రానికి తూర్పున, పులికాటు నీళ్ళు వానాకాలంలో పొలాల అంచుదాకా వచ్చే ఊరు. బడి వాగు అవతల ఉండేది. అందుకని నాన్న నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించాడు. చదువంటే నాకు నాన్న నేర్పిందే. దానికి దేవునికి స్తోత్రం చెప్పుకోని రోజు లేదు. మాటలు మాత్రం అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అమ్మ బాతుల్ని పెంచేది. పొద్దున వాటిని కోసిన మళ్ళలోకి తోలినది మొదలు చీకటి పడి గూట్లో వేసేదాకా వాటితో మాట్లాడుతూనే ఉండేది. బాతులతో ఒక గొంతు, పిల్లలతో ఒక గొంతు అని ఆమెకు లేదు. ఎవరిని తిడుతోందో తెలియక మేమూ బాతులూ కలిసే ఇంటికి వచ్చేవాళ్ళం. ఆమె పుట్టిల్లు ఇంకా దక్షిణాన, అరవ మాట కలిసే చోట. వచ్చినారు, పొయినారు, తిరిగినారు అని మాటను నిదానంగా సాగదీసి, చివర కొంచెం పైకి ఎత్తి వదిలేది. అమ్మకు ఫోటో తీయించలేదు. ఆ రోజుల్లో అది మాకు తోచే విషయం కాదు. ఆమె గుర్తుగా మాకు మిగిలింది అక్క నోట్లోని ఆ గొంతే.

ఒక సాయంత్రం నాన్న పార భుజాన వేసుకుని పొలంనుంచి వచ్చేసరికి అక్క వంటింట్లో ఆ గొంతుతో నన్ను కేకలేస్తోంది. నాన్న వాకిట్లోనే నిలబడిపోయాడు.

"ఎవురది?" అన్నాడు.

ఆ అడగడంలో కోపం లేదు. అక్క చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నాన్న ఆమెను చూసి, పార కింద పెట్టి, కాళ్ళు కడుక్కున్నాడు. నాన్న మా చర్చి సంఘానికి పెద్ద. ఏ మాటైనా బైబిలు వాక్యంతో సరిచూసుకుని గానీ పలికేవాడు కాదు. కాసేపటికి అన్నాడు: "అమ్మణ్ణీ, పొయినోళ్ళను పిలవగూడదు. మనకు అట్టా చెప్పి ఉంది. ఇంకెప్పుడూ ఆ గొంతు ఎత్తబాక."

"ఎత్తను నాన్నా" అంది అక్క. అన్న మాట నిలబెట్టుకుంది. ఆ తరువాత ఆమె గొంతులన్నీ ఆదివారపు బడి పిల్లలకే. గొర్రెపిల్ల, గాడిద, కాకి అన్నీ అక్క నోట మాట్లాడేవి. ఒకసారి తిమింగిలం కూడా మాట్లాడింది. అది ఎట్లా మాట్లాడుతుందో మాలో ఎవరికీ తెలియదు గనుక ఎవరూ తప్పు పట్టలేదు.

అక్కను మద్రాసులో ఇచ్చారు. బావ ఒక రికార్డింగు థియేటర్లో వైర్ల పని చేసేవాడు. అక్కకు ఆడపిల్ల పుట్టినప్పుడు సాయానికి నేను వెళ్ళి కొన్ని నెలలున్నాను. అరవైలు మొదలైన రోజులవి. ఒక మధ్యాహ్నం బావ భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కోకుండానే, "ఏమే, బాతు గొంతు చెయ్యగలవా?" అని అక్కను అడిగాడు.

బొంబాయిలో తయారైన చిన్న బొమ్మల సినిమా అట. గుంట నీళ్ళు తాగితే కలరా వస్తుందని చెప్పడానికి ప్రభుత్వం వారు తీయించారు. అసలు సినిమాకు ముందు హాళ్ళలో వేస్తారు. బొమ్మ హిందీ మాటలతో వచ్చింది, దానికి తెలుగు మాటలు పెట్టాలి. తల్లి బాతుకు మాట చెప్పాల్సిన ఆమెకు గొంతు పట్టేసింది.

"సినిమానా? నాన్న ఏమంటాడో" అంది అక్క.

"సినిమా కాదే, బొమ్మలు. నీ మొహం కనపడదు, పేరూ వెయ్యరు. బాతుకు పేరేముంటుంది?" అన్నాడు బావ.

బిడ్డను నేనెత్తుకుని వెంట వెళ్ళాను. అది కిటికీలు లేని చీకటి గది, గోడలనిండా మందపాటి గుడ్డ. ముందు చిన్న తెర. రీలులో ఒక్కొక్క ముక్కను కోసి, కొసలు అతికించి తిప్పుతున్నారు. దాంతో అదే బాతు అదే గుంట గట్టున మళ్ళీ మళ్ళీ నడిచి వస్తోంది. అక్క పొట్టిది, మైకు అందలేదు. పీట వేశారు. గాజులు గలగలమంటున్నాయని తీయించారు. కప్పకు గొంతు ఇస్తున్నది ఒక ముసలి నాటకాలాయన. ఆయన బెంచీ మీద నాకు చోటిచ్చి, "చూడు పాపా, మొహం ఉన్నోళ్ళకు పూలదండలు, గొంతు ఉన్నోళ్ళకు మిరియాల పాలు. ఊళ్ళో కప్పలు తప్ప నన్నెవరూ గుర్తుపట్టరు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, బిడ్డ లేస్తుందని ఆపుకున్నాను.

మాటలు చెప్పించే ఆయన కృష్ణా జిల్లా మనిషి, మంచివాడే. అక్క మొదట బాతులాగా క్వాక్ క్వాక్ అని అరిచింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "బాతులాగా అరవద్దమ్మా. తల్లిలాగా తిట్టండి. పిల్లలు వానలో తడిసి వచ్చారు. తిట్టండి" అన్నాడు.

అక్క ఒకసారి నా వైపు చూసింది. బాతు గట్టుమీదికి నడిచి వచ్చింది.

"ఏందిరా, వానొస్తా ఉంటే ఇంటికి రాకుండా ఏడ తిరిగినారు?"

ఎన్నో ఏళ్ళుగా వినని గొంతు, ఆ చీకట్లో, ఒక బాతు ముక్కు నుంచి. నా చేతుల్లో బిడ్డ నిద్రలో కదిలింది.

"బాగుంది! గొంతు అదే ఉంచండి" అన్నాడాయన. "కానీ మాట మార్చాలమ్మా. 'ఎక్కడ తిరిగారు' అనండి. ఈ బొమ్మ శ్రీకాకుళం దాకా ఆడుద్ది. అందరికీ తెలియాలి కదా."

"మీ 'ఆడుద్ది' మటుకు శ్రీకాకుళంలో ఎవరికి తెలుసుద్దండీ?" అన్నాడు కప్ప.

గదంతా నవ్వింది, ఆయన కూడా నవ్వాడు. తరువాత తెర దగ్గరికి వెళ్ళి బాతు ముక్కు మీద వేలు పెట్టి చూపించాడు. "నేను అన్నానని కాదమ్మా. చూడండి. ముక్కు ఇక్కడ మూసుకుంటోంది. మీరు 'తిరిగినారు' అంటే మూసుకున్నాక కూడా మాట వస్తోంది. 'తిరిగారు' అంటే సరిగ్గా పడుతుంది."

నిజమే. మేమందరం చూశాం. అమ్మ మాట ఆ ముక్కుకు ఒక అక్షరం ఎక్కువైంది.

అక్క మాట మార్చింది. వెంటనే కుదరలేదు. నాలుక పాత దారికే పోయేది. రీలు తిరిగింది, బాతు వచ్చింది, తిరిగారు. మళ్ళీ వచ్చింది, తిరిగారు. వచ్చారు, తాగారు, పడుకున్నారు. సాయంత్రం వరకు ఆ ముక్కు ఎంత తెరుచుకుంటే అంతే మాట్లాడింది అక్క. గొంతు కూడా పోను పోను ముక్కులోకి ఎక్కింది. పని అయిపోయాక ఆయన రెండు చేతులూ జోడించి మరీ మెచ్చుకున్నాడు. ట్రాములు తీసేసిన రోడ్డు మీద నడిచి వస్తూ అక్క అంది: "నేను పిలవలేదే. అదే వచ్చింది. నాన్నతో అట్టా చెప్పు."

నేను ఊరికి వచ్చిన చాలా నెలలకు ఆ బొమ్మ దొరవారిసత్రం డేరా హాలుకు వచ్చింది. ఊళ్ళో కుర్రవాళ్ళు బాతును అనుకరిస్తూ తిరుగుతుంటే తెలిసింది. నాన్న వడ్లు ఎత్తిస్తుంటే దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"సినిమాకా?" అన్నాడు.

"సినిమా కాదు నాన్నా. బొమ్మలే. మనుషులు ఉండరు."

"గొంతు మనిషిదే గదా."

"అక్కది. అక్కది గూడా కాదు నాన్నా, అమ్మది" అన్నాను.

నాన్న చేటలోని వడ్లను చేత్తో సర్దుతూ ఉండిపోయాడు. మరునాడు పొద్దు వాలుతుండగా చొక్కా వేసుకుని, "సత్రంలో పనుంది, వస్తావా?" అన్నాడు.

మొదటి ఆటకు జనం పోతున్నారు. నాన్న డేరా లోపలికి రాలేదు, పక్కగా నడిచి, గుడ్డ గోడ వెనక, మోకు కట్టిన గుంజ దగ్గర నిలబడ్డాడు. టిక్కెట్లబ్బాయి వచ్చి, "పెద్దయ్యా, ఈడ నిలబడితే ఏం కనపడుతుంది? లోపలికి రా, నేల టిక్కెట్టుకు ఇసక ఊరికే ఇస్తాం" అని నవ్వాడు.

"చూసే పని లేదబ్బయ్యా. వినే పని" అన్నాడు నాన్న.

ఆ అబ్బాయికి ఏం తోచిందో, వెళ్ళిపోయాడు. లోపల పాట ఆగింది, ఏదో వాయిద్యం మోగింది, కప్ప మాట్లాడింది. ఆ తరువాత బాతు. "ఏమిట్రా, వాన వస్తుంటే ఇంటికి రాకుండా ఎక్కడ తిరిగారు?" డేరా అంతా గొల్లుమంది. నాన్న చెయ్యి మోకు మీద బిగిసింది. బాతు మాటలు అయిపోయేదాకా ఆయన తల ఎత్తలేదు.

వచ్చే దారిలో అన్నాడు: "గొంతు ఆమెదే. మాట ఎవురిదో."

ముక్కు సంగతి చెప్పాను. ఒక అక్షరం ఎక్కువైందని, బాతు నోరు మూసుకున్నాక కూడా మాట వచ్చిందని చెప్పాను. నాన్న చిన్నగా నవ్వాడు. "ఆమె ఎప్పుడూ అంతే గదా. అవతలోళ్ళు నోరు మూసినాక గూడా మాట్లాడతానే ఉంటది" అన్నాడు. అమ్మ గురించి నాన్న అట్లా నవ్వుతూ మాట్లాడగా నేను విన్నది అప్పుడే. ఆ మేలు మరువను. ఇంకో నాలుగడుగులు వేసి, "అక్క వచ్చినప్పుడు చెప్పు" అన్నాడు. ఏం చెప్పాలో అనలేదు. అమ్మ గొంతు మళ్ళీ ఎత్తొచ్చని చెప్పమన్నాడని నాకు అర్థమైంది.

అక్క క్రిస్మసుకు వచ్చింది. బిడ్డకు అప్పటికి మాటలు వచ్చాయి. బావ దానికి ఆ బాతు బొమ్మను హాల్లో రెండు మూడు సార్లు చూపించాడట. భోజనాలయ్యాక నాన్న వసారాలో కూర్చుని, ఎటో చూస్తూ, "అమ్మణ్ణీ, మీ అమ్మ మాదిరి ఒక మాట చెప్తావా? ఆ బాతు మాట కాదు. ఇంట్లో మాట" అన్నాడు.

అక్క నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె గొంతు సవరించుకుని, "ఏందిరా, ఏడ తిరిగినారు?" అంది.

మాట సరిగ్గానే ఉంది. సాగదీయడమూ ఉంది. కానీ గొంతు ముక్కులోంచి వచ్చింది. నా ఒడిలోని బిడ్డ చప్పట్లు కొట్టి, "బాతు! బాతు!" అని కేరింతలు కొట్టింది.

అక్క మళ్ళీ ప్రయత్నించింది. నీళ్ళు తాగి, వంటింట్లోకి వెళ్ళి అక్కడినుంచి పిలిచింది. ప్రతిసారీ గట్టుమీది బాతే నడిచి వచ్చింది. చివరికి వంటింట్లోంచి ఏ చప్పుడూ రాలేదు. అక్క బయటికి వచ్చినప్పుడు ఆమె కళ్ళు చూసి నేను తల దించుకున్నాను.

"పోయింది నాన్నా. ఎత్తి ఎత్తి ఉండింటే నిలిచేది. ఎన్నేళ్ళో ఎత్తలేదు, ఎత్తిన నాడు దాన్ని మార్చేసినా" అంది.

"నువ్వేం మార్చినావు? నేను గదా వద్దన్నది" అన్నాడు నాన్న.

"నువ్వు వాక్యం ప్రకారం చెప్పినావు."

"పొయినోళ్ళను పిలవొద్దని ఉంది. ఆమె పిలిచేది బాతుల్ని గదమ్మా" అన్నాడు నాన్న. ఆ మాట ఆయనకు అంతకుముందు ఎందుకు తోచలేదో ఆయనకే అర్థం కానట్టు వసారా గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

నాన్న మీద నాకు ఏనాడూ కోపం లేదు. పిల్లల్ని భయభక్తులతో పెంచాలని చూసిన మనిషి. అయినా ఆయన ఆ సాయంత్రం పొలంనుంచి కాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. నేను ఎంత తలచుకున్నా నా చెవిలోనూ ఇప్పుడు 'తిరిగారు' అనే వినిపిస్తుంది.

ఆ పూట కుటుంబ ప్రార్థనకు చాప మీద కూర్చున్నాం. నాన్న ఎప్పుడూ గ్రాంథికంలో ప్రార్థించేవాడు. ఆ రోజు అట్లా మొదలుపెట్టి, ఆగి, "మా ఇంట్లో ఒక గొంతు ఉన్నింది ప్రభువా" అన్నాడు. ఆ తరువాత మాట రాలేదు. మేం కళ్ళు మూసుకుని ఎదురు చూశాం. బిడ్డ అందరి మొహాలూ తడిమి చూస్తోంది. చాలాసేపటికి అక్క, తన సొంత గొంతుతో, ఆమేన్ అంది.